ఎడమ సగం

కంకిపాడు దాటి కాస్త దూరం పోయిందో లేదో, బస్సు ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, చెరుకుతోట పక్కన రోడ్డు అంచుకి ఒరిగి ఆగిపోయింది. వెనక కట్టిన డ్రమ్ములో బొగ్గు చల్లారిపోయింది. యుద్ధం వచ్చి పెట్రోలు మాయమైనప్పటి నుంచి ఈ రోడ్డు మీద బస్సులన్నీ ఇలాగే బొగ్గు తిని నడుస్తున్నాయి. పొద్దుటి నుంచి పడుతున్న తుంపరకి ఇవాళ ఆ బొగ్గు కూడా నెమ్మెక్కింది. "కాస్త టైం పడుతుందండీ, కాళ్ళు చాపుకునేవాళ్ళు దిగండి" అంటూ కండక్టరు అంకమ్మరావు చొక్కా చేతులు మడుచుకుని వెనక్కి వెళ్ళాడు. జనం గొణుక్కుంటూ దిగారు. బాలత్రిపురసుందరి దిగలేదు. దిగాలంటే లేవాలి, లేవాలంటే ఒళ్ళో ఉన్న తెరచుట్టని ఎక్కడైనా పెట్టాలి, ఎక్కడ పెట్టినా దానిమీద ఒక కన్ను వేసి ఉంచాలి. అంత ఓపిక లేదు. వెదురుబొంగుకి చుట్టి పాత దుప్పటి కప్పిన ఆ తెర ఒక చివర ఆమె ఒళ్ళోనూ, రెండో చివర ముందుసీట్ల మీదుగా డ్రైవరు వీపు దాకానూ పోయి ఉంది. బెజవాడలో ఎక్కేటప్పుడే దాన్ని టాపు మీద వెయ్యమన్నారు. వానకి తడుస్తుందండీ, నిప్పురవ్వలు పడతాయండీ అని బతిమాలి లోపలికి తెచ్చుకుంది. ఉయ్యూరు దాకా ఎలాగోలా చేరిస్తే చాలు. ఆ తర్వాత సంగతి ఆలోచించడానికి ఒళ్ళు సహకరించడం లేదు.

"లోపల చాపేనా అమ్మా?" అని పక్కసీటావిడ అడిగింది. తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, కాళ్ళ మధ్య ఒక తోలుసంచీ. ఉయ్యూరులో పురుళ్ళు పోసే తెరేసమ్మనని ఎక్కగానే తనే చెప్పుకుంది.

"చాప కాదండీ, తెర. నాటకాలకి కట్టేది."

"ఓహో, వెంకటప్పయ్యగారు కట్టించిన హాలుకా! రేపేగా తెరుస్తున్నారు."

"ఆఁ, దానికే. మావారు చేశారు."

"మరి ఆయన రాలేదేం?"

"పక్షవాతమండి. ఎడం పక్కంతా పడిపోయింది. రెండేళ్ళు కావస్తోంది."

తెరేసమ్మ ఆమె చేతులకేసి చూసింది, కళ్ళకింద నలుపుకేసి చూసింది. "నేను తెల్లవార్లూ ఒక కాన్పు దగ్గర కూచుని వస్తున్నానమ్మా. అయినా నాకంటే మీరే బాగా అలిసిపోయి ఉన్నారు" అని, సంచీ మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది.

అలిసిపోయి ఉన్నారు. ఆ మాట తన గురించి ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఆయనకెలా ఉంది అని అడుగుతారు. బాగానే ఉంది, ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది అని తను చెబుతుంది. చెబుతూనే ఆయన కాలు ఇవతలికి తిప్పుతుంది, వీపు కింద దిండు సర్దుతుంది, చంకలో చెయ్యి వేసి పైకి లాగుతుంది. లాగి లాగి తన నడుము తనది కాకుండా పోయింది. కిటికీలోంచి తుంపర మొహం మీద పడుతోంది, తుడుచుకోవాలనిపించలేదు. చెరుకు ఆకుల మీద వాన చప్పుడు, వెనక అంకమ్మరావు బొగ్గుకి గాలికొట్టే పంకా పిడి తిప్పుతున్న కీచుచప్పుడు, కీచు, కీచు, కాసేపు ఆగి మళ్ళీ కీచు. ఇంట్లో మంచం కూడా ఇలాగే చప్పుడు చేస్తుంది, ఆయన కుడికాలితో మంచంపట్టెని తన్ని పైకి జరగబోయినప్పుడు. ఆ చప్పుడు వినగానే వంటింట్లో చేస్తున్న పని వదిలేసి పరుగెత్తడం అలవాటైపోయింది. ఇప్పుడు కూడా సగం లేచింది. లేచి, ఇది బస్సని తెలిసి, కూచుంది.

జబ్బు పడిన రోజు పొద్దున కాఫీగ్లాసు ఆయన ఎడంచేతిలోంచి జారింది. జారిన గ్లాసు దొర్లుకుంటూ తన కాళ్ళ దగ్గరికి వచ్చింది, ఆయన మాత్రం ఏమీ జరగనట్టు గోడకేసి చూస్తూ, ఇవాళ ఉద్యానవనం తెర పూర్తిచెయ్యాలి బాలా అన్నాడు. మాట ముద్దగా ఉంది. అంతే, పక్కకి ఒరిగిపోయాడు. ఆస్పత్రిలో ఉన్న రోజులన్నీ ఒకే పొడుగాటి రోజులా గుర్తున్నాయి. ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు వింత. విస్తరిలో కుడిపక్క అన్నం అంతా తినేసి, ఎడంపక్క అన్నం, కూర, పచ్చడి ముట్టకుండా, ఇంకాస్త పెట్టవేం, ఈ పూట ఇంతేనా, అని అడిగేవాడు. పెట్టిందంతా అక్కడే ఉందిగదండీ అంటే చిరాకు పడేవాడు. తను ఎడంపక్క నిలబడి పిలిస్తే కుడిపక్కకి తిరిగి వెతికేవాడు. గెడ్డం గీసుకోమని అద్దం పట్టుకుంటే సగం మొహం నున్నగా, సగం గరుగ్గా. తన మీద కోపంతో ఇలా చేస్తున్నాడేమో అనుకుంది చాలా రోజులు. ఏం తప్పు చేశానా అని వెతుక్కుంది. చివరికి ఆస్పత్రి డాక్టరమ్మే చెప్పింది, కన్ను బాగానే ఉందమ్మా, చెవీ బాగానే ఉంది, ఆ పక్కన కూడా లోకం ఉందన్న సంగతే ఆయన మనసుకి అందడం లేదు, అని. అది విని ఇంటికి వచ్చి, ఆయన అన్నం తింటూ ఇంకాస్త పెట్టవేం అన్నప్పుడు విస్తరిని ఇటు చివర అటు వచ్చేలా మెల్లగా తిప్పింది. ఆయన మొహం వెలిగింది. మారు వడ్డించావు కదూ అన్నాడు. అవునంది. అప్పటినుంచి రెండుపూటలా విస్తరి తిప్పుతూనే ఉంది.

ఎడంపక్క. ఆయనకి లేకుండా పోయిన ఆ పక్కే తనకి ఎప్పుడూ దక్కింది. పెళ్ళయి తను వచ్చేనాటికి భర్త చౌడయ్య మగ్గం వదిలేసి, అన్నదమ్ములతో మాటలు పడి, బెజవాడలో నాటకాల కంపెనీకి తెరలు వేస్తున్నాడు. నేతపనివాడి ఇంట్లో పుట్టి రంగులు కలుపుతావేమిట్రా అని అత్తగారు చివరిదాకా ఏడ్చేది. తెర అంటే రాజదర్బారో, వీధో, తోటో. ఏదైనా సరే రెండు పక్కలూ అచ్చు గుద్దినట్టు ఉండాలి. ఇటు ఆరు స్తంభాలుంటే అటూ ఆరు, ఇటు నెమలి ఉంటే అటూ నెమలి, మధ్యలో సింహాసనం. ఆయన పెద్దకాయితం మీద కుడి సగమే గీసేవాడు. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే గుడ్డమీద చుక్కలు పడేవి. ఆ కాయితాన్నే తిరగేసి ఎడంపక్క అద్దితే రెండో సగం. ఆ రెండో సగం వెయ్యడానికి కుర్రాళ్ళెవరూ నిలవడం లేదని, పెళ్ళయిన ఏడాదికి, బాలా, నువ్వు పట్టు కుంచె, అన్నాడు ఒక మధ్యాహ్నం. నవ్వులాటకనుకుంది. ఆయన స్తంభం వేస్తుంటే తను స్తంభం, ఆయన నెమలి మెడకి నీలం పెడుతుంటే తను నీలం. ఆయన చెయ్యి చూస్తూ వెయ్యాలి, ఒక గీత ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. ఒకసారి తన నెమలికి తోక కొంచెం గాలికి విచ్చుకున్నట్టు వేసింది. ఆయన చూశాడు, చెరిపి మళ్ళీ వేశాడు. పిల్లలు పుట్టలేదు, అందుకని మధ్యాహ్నాలన్నీ తెరల మీదే గడిచాయి. కుడిమూల కింద ఆయన పేరు, బెజవాడ అని ఊరి పేరు. ఎడంమూల ఏమీ ఉండేది కాదు. ఉండాలని తనకీ అనిపించలేదు, లేదా అనిపించిందేమో, వంటపనుల్లో పడి మరిచిపోయింది.

డ్రైవరు తన సీట్లోనే గురకపెడుతున్నాడు. తెరేసమ్మ తల సంచీ మీద అటూ ఇటూ ఊగుతోంది. తనకి నిద్ర రాదు. చుట్ట మీద చెయ్యి వేసి తడుముకుంటే దుప్పటి కింద కుడిసగం గరుగ్గా, దిట్టంగా తగులుతోంది, ఎడంసగం మెత్తగా, లోపల ఏమీ లేనట్టు లొంగిపోతోంది. ఆయన జబ్బుపడ్డాక వెంకటప్పయ్యగారు కబురు పెట్టారు, ఎప్పుడో మాట ఇచ్చిన తెర సంగతి మరిచిపొమ్మని, ముందు ఆరోగ్యం చూసుకోమని. ఆ కబురు విన్న దగ్గర్నుంచి ఆయన అన్నం సరిగా తినలేదు. ఎలా వేస్తాడు? నిచ్చెన ఎక్కలేడు, రంగుడిప్ప పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు, అసలు రంగులే బజారులో లేవు, సీమరంగులు వచ్చే ఓడలు యుద్ధంలోకి పోయాయి. ఒకరోజు వన్‌టౌన్‌లో అన్నయ్య బట్టలకొట్టుకి వెళితే, గుమాస్తా ఊడ్చి మూలపోసిన చెత్త కనిపించింది. గుడ్డతానుల మీద అంటించి వచ్చే మిల్లుబొమ్మలు, దేవతలవీ ఏనుగులవీ ఓడలవీ, అంచులు చిరిగినవి. నేతచీరల కొసలు, జరీతుంపులు, సిగరెట్టు పెట్టెల్లోని తళుకుకాయితం. ఏం తోచిందో, అవన్నీ కొంగులో పోసుకుని వచ్చింది. ఆయన మంచం మీద కుప్పగా పోస్తే, చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పట్టి చూశాడు. ముతక గాడాగుడ్డ కావాలన్నాడు. చింతగింజల జిగురు కాయమన్నాడు.

ఆ నెలలు తలుచుకుంటే ఒళ్ళు నొప్పి, అయినా అవే కాస్త ఊపిరాడిన రోజులు. నేలమీద గుడ్డ పరిచి, దిండ్లు పేర్చి ఆయన్ని కూచోబెట్టేది. ఆయన వేలు చూపించిన చోట జిగురు రాసేది. చేతికి అందిన చోట ఆయనే అంటించేవాడు, అందని చోట ఇంకాస్త పైకి, ఊఁ, అక్కడ, అనేవాడు. సీతానగరం ఒడ్డున నిలబడి కృష్ణకి అవతల బెజవాడకేసి చూస్తే కనిపించేదంతా మెల్లమెల్లగా గుడ్డమీదికి వచ్చింది. నల్ల, నీలి నేతకొసలు ఒకదానిమీద ఒకటి మందంగా పేర్చి కొండ. మిల్లుబొమ్మల అంచులు కత్తిరించి మెట్లు. ఎర్రపట్టు పీలికలతో స్నానాలు చేసే ఆడవాళ్ళు, మొహాలు లేవు, వంగిన నడుములే. తళుకుకాయితంతో కొండమీద దీపాలు. తడిజిగురు మీద నిజమైన ఏటి ఇసకే చల్లమన్నాడు, రేవు దగ్గర్నుంచి డబ్బాలో తెచ్చి చల్లింది. ఇదంతా కుడిపక్కే. గుడ్డమధ్యకి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయేది. అక్కడితో ఆయనకి లోకం సరి. చిట్టచివర ఒక మిల్లుబొమ్మలోంచి ఓడని కత్తిరించి, తెరచాప చింపేసి దాన్ని మన పడవగా మార్చి, ఆ మధ్యగీత మీద అంటించాడు, ముక్కు ఎడంపక్కకి తిప్పి. అంటించి వెనక్కి ఆనుకుని చాలాసేపు చూశాడు. బాగా వచ్చింది కదూ బాలా, ఇంత నిండుగా నేనెప్పుడూ వెయ్యలేదు, అన్నాడు. సగం గుడ్డ ఖాళీగా ఉంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నిండుగానే ఉంది అంది తను.

ఆ సంగతి వదిన రావమ్మకి తెలియనంతవరకూ బాగానే ఉంది. ఆయనకి అక్క, మాట కరుకు, మనసు మంచిదే. వచ్చి చూసి మొహం మాడ్చింది. "సగం తెర ఎవడు కట్టుకుంటాడే? నా తమ్ముడికి మతి పోయిందని ఊరంతా చెప్పుకోవాలా? నీకు చేతనవును కదా, ఆ పక్క కూడా ఇలాగే అంటించెయ్. వాడికెలాగూ కనపడదు" అంది. ఆ ఆఖరిమాట అంటూ తనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సరేనంది. ఆయన నిద్రపోయే వేళల్లో కూచుని, కుడిపక్క ముక్కలన్నిటికీ కాయితాలు పెట్టి కొలతలు తీసి, తిరగేసి కత్తిరించింది. ఎదురుకొండ, ఎదురుమెట్లు, ఎదురుగా వంగిన ఆడవాళ్ళు. ఇన్నేళ్ళ అలవాటు, కత్తెర దానంతటదే పోయింది. అంటించే ముందు గుండుసూదులతో గుచ్చి, రావమ్మా తనూ దూరంగా జరిగి చూశారు. "చూశావా, ఇప్పుడు తెరలా ఉంది" అంది రావమ్మ. తెరలాగే ఉంది. కొండ ఇటూ అటూ రెండై ద్వారబంధం అయిపోయింది. మధ్యలో నీళ్ళు కోనేరులా ముడుచుకుపోయాయి. పడవ గోడకి కొట్టుకుని ఆగిపోయినట్టుంది. సూదులన్నీ పీకేసింది. పీకేసి ఉత్తగుడ్డకేసి చూస్తే, చలవచెయ్యని ఆ మట్టిరంగే వరదరోజుల కృష్ణ రంగు, అంచు లేదు, అవతలిగట్టు లేదు, ఎంతదూరమైనా పోవచ్చు. బరువంతా ఒకపక్కే ఉండబట్టే ఆ రెండోపక్క అంత వెడల్పుగా ఉంది. ఆ మాట వదినకి ఎలా చెప్పడమో తెలియలేదు. రావమ్మ ఆ ముక్కలన్నీ గుడ్డసంచీలో పెట్టి, జిగురు ఒక మూతగిన్నెలో పోసి, ఉయ్యూరులో దింపి కట్టేముందు అంటించు, ఇవాళా రేపూ వాణ్ణి నేను చూసుకుంటాలే, అని చేతికిచ్చి బస్సెక్కించింది. సంచీ ఇదుగో, కాళ్ళదగ్గరే ఉంది. వెళుతుంటే ఆయన అడిగాడు, వాళ్ళు ఏమన్నారో వచ్చి చెప్పు, ఒక్క మాట కూడా దాచకు, అని.

అంటించాలా? అంటిస్తే ఒక పూట పని. వంగుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ, రాయడం, అద్దడం. ఆ వంగడం తలుచుకుంటేనే కళ్ళు మూతలు పడుతున్నాయి. అంటించకపోతే వాళ్ళు తిప్పి పంపితే? ఈ చుట్టని మళ్ళీ ఇదే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, ఆయన కుడిపక్క నిలబడి ఏం చెప్పడం? కుడిపక్క. కొన్ని మధ్యాహ్నాలు, ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేననిపించినప్పుడు, ఆయన మంచానికి ఎడంపక్క నేలమీద కూచుంటుంది. అక్కడ కూచుంటే తను ఆయనకి లేదు. నీళ్ళు అడిగితే ఇస్తుంది, పిలిస్తే పలుకుతుంది, అంతే, మిగతా సేపంతా ఎవరికీ కనపడకుండా గోడకి వీపు ఆనించి అలా ఉంటుంది. ఏమీ ఆలోచించదు. ఎవరి చేతినీ చూసి తన చెయ్యి కదపక్కర్లేదు. ఈ లోకంలో తనకంటూ ఉన్న చోటు ఏదని ఎవరైనా అడిగితే అదే చూపిస్తుంది, ఆ బారెడు నేల. ఆ ఖాళీగుడ్డని చూసినప్పుడు కూడా అలాగే అనిపించింది, అక్కడికి వెళ్ళి పడుకోవాలని. అందులోకి మళ్ళీ కొండల్నీ మెట్లనీ మోసుకెళ్ళి పెట్టమంటున్నారు.

"అయ్యా, అమ్మా, ఎవరిదగ్గరైనా పొడిగుడ్డలుగానీ కాయితాలుగానీ ఉంటే కాస్త ఇప్పించండి!" అంకమ్మరావు మొహమంతా మసితో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "బొగ్గు తడిసింది, ఎంత విసిరినా అంటుకోవడం లేదు. రాజేస్తేగానీ బస్సు కదలదు." ఎవరో పేపరిచ్చారు, అది భగ్గుమని ఆరిపోయింది. తెరేసమ్మ మేలుకుని, "నా సంచీలో గుడ్డలున్నాయిగానీ నాయనా, అవి బాలింతలకి. ఇవ్వలేను" అంది. మళ్ళీ పంకా కీచుచప్పుడు. మళ్ళీ ఆగింది.

బాలత్రిపురసుందరి కాళ్ళదగ్గరి సంచీ తీసి కిటికీలోంచి చాపింది. ఎప్పుడు నిర్ణయించుకుందో ఆమెకే తెలియదు. చెయ్యి ముందు వెళ్ళింది, ఆలోచన తర్వాత వచ్చింది.

అంకమ్మరావు సంచీ విప్పి తెల్లబోయాడు. "అమ్మా, ఇవన్నీ బొమ్మల్లా కత్తిరించి ఉన్నాయి. పనికొచ్చేవేమో చూసుకోండి!"

"పనికిరావు. వేసెయ్యండి."

చుట్టని కాస్త చూస్తూ ఉండమని తెరేసమ్మకి చెప్పి, అప్పుడు దిగింది. ఎందుకు దిగిందంటే ఏమో, చూడాలనిపించింది. తుంపర ఆగిపోయింది. డ్రమ్ము మూతి దగ్గర అంకమ్మరావు ఒక్కొక్క గుప్పెడూ కుక్కుతున్నాడు. ఎదురుకొండ నీలం ముందు నల్లబడి, అంచులు ముడుచుకుని, ఎర్రగా రాజుకుంది. ఎదురుమెట్లు అంటుకున్నాయి. వంగిన ఆడవాళ్ళు అంటుకున్నారు, పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, ఆ వాసనే వచ్చింది. ఇన్నేళ్ళలో వేసిన స్తంభాలూ, నెమళ్ళూ, సగం సగం సింహాసనాలూ గుర్తొచ్చాయి. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. ఏదో పెద్ద బరువు దించేసినట్టూ లేదు. ఇంకొకటి ఎత్తుకోలేదు, అంతే. జిగురుగిన్నె మూత తీసి చెరుకుతోట గట్టుమీద వొంచేసి, వానగుంటలో గిన్నె కడుక్కుని వచ్చి కూచుంది. బొగ్గు అంటుకుంది. బస్సు వణికి, దగ్గి, బయల్దేరింది. "నయం, మీరు ఇచ్చారు కాబట్టి" అంది తెరేసమ్మ చుట్టని ఆమె ఒళ్ళోకి జరుపుతూ. రోడ్డు పొడుగునా చెరుకుబళ్ళు, తీపివాసన, ఫ్యాక్టరీ పొగ. ఉయ్యూరు వచ్చేసింది.

హాల్లో కొత్తసున్నం వాసన. కుర్చీలు ఇంకా వరసల్లో పెట్టలేదు. ఒకప్పుడు తనే ఆడవేషాలు కట్టి పాడిన మనిషి వెంకటప్పయ్య, ఇప్పుడు జుట్టు నెరిసి, భుజం మీద తువ్వాలుతో పనివాళ్ళ మధ్య తిరుగుతున్నాడు. ఆమెని చూసి ఎదురొచ్చాడు. చౌడయ్యగారు ఇంత జబ్బులోనూ మాట నిలబెట్టుకున్నారని పదిమందికీ వినపడేలా అన్నాడు. తెర పైకి లాగి బొంగు కట్టారు. దుప్పటి తీసేశారు. తెర కిందికి జారి విచ్చుకుంది. వెంకటప్పయ్య దగ్గరికొచ్చి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"ఇదేంటమ్మా, కుడిపక్క ఇంత ముచ్చటగా చేసి ఎడంపక్క ఏమీ లేదేం? దారిలో వానకి ఊడిపోయిందా?"

"లేదండీ. అంతే చేశారు."

"మరి మిగతాది?"

ఒంట్లో బాగోలేదనీ, నాలుగురోజుల్లో పూర్తిచేస్తామనీ చెప్పాలని దారిపొడుగునా అనుకుంది. నోట్లోంచి వచ్చింది వేరు. "ఎడం సగం ఎప్పుడూ నేనే వేసేదాన్నండీ. దర్బారు తెర దగ్గర్నుంచీ. ఈసారి నేను వెయ్యలేదు."

వెంకటప్పయ్య ఆమెకేసి తిరిగి చూశాడు. "మీరా? ఆ తెరల ముందు నిలబడి నేను ఎన్ని పాటలు పాడానమ్మా! చౌడయ్యగారు ఒక్కనాడూ చెప్పలేదే."

"ఎవరూ అడగలేదండీ."

"అయితే ఇప్పుడు వెయ్యండి. రేపు సాయంత్రందాకా టైముంది. ఏం కావాలో చెప్పండి, తెప్పిస్తాను."

"వెయ్యనండీ."

"ఓపిక లేకనా?"

"ఓపికా లేదు. వేస్తే ఏరు పాడవుతుంది."

ఆ మాట అని, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూచుండిపోయింది. తిప్పి పంపితే పంపుతారు. వెంకటప్పయ్య హాలు చివరిదాకా నడిచి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అప్పుడే వాన తర్వాతి గాలి తెరిచిన తలుపుల్లోంచి వచ్చింది. జిగురూ ఇసకా పట్టి బిగిసిన కుడిసగం, కొండా మెట్లూ, కదల్లేదు. ఎడంపక్క ఉత్తగుడ్డ మాత్రం మెల్లగా ఉబ్బింది, పైనుంచి కిందిదాకా ఒక అల పోయింది, దాని వెనకే ఇంకొకటి. మధ్యలో పడవ ముక్కు కొంచెం లేచి, కొంచెం దిగింది. ఇంట్లో నేలమీద పరిచి చేసిన గుడ్డ, ఇలా వేలాడగా ఎప్పుడూ చూడలేదు. ఇది ఆయన చెయ్యలేదు, తనూ చెయ్యలేదు. నిచ్చెన మీద ఉన్న పనివాడు తాడు పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"అయ్యగారూ, ఈ అంచుకి కూడా మేకులు కొట్టి బిగించమంటారా?" అని కాసేపటికి అడిగాడు.

వెంకటప్పయ్య పడవకేసి వేలు చూపించాడు. "పడవ ఎగువకి పోతోంది కదమ్మా?" అన్నాడు ఆమెతో.

"అలాగే ఉందండీ. ఎక్కడికో ఆయన చెప్పలేదు."

"బిగించకండ్రా" అన్నాడు పనివాళ్ళతో. "ఆ పక్క వదిలెయ్యండి. అలాగే ఉండనివ్వండి. కుడిపక్క మాత్రం గట్టిగా కొట్టండి." మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో భోంచేసి, ఈ పూటకి ఉండి పొద్దున వెళ్ళండమ్మా. అక్కడ ఆయన్ని చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?"

లేరండీ, నేనే వెళ్ళాలి, అనబోయింది. ప్రతిసారీ అదే అంటుంది. "మా వదిన ఉందండీ. రేపు వెళతాను" అంది.

రేపు వెళ్ళి చెబుతుంది, గాలికి ఏరు కదిలిందని, ఒక్క మాట కూడా దాచకుండా. ఆయన ఏమంటాడో. ఏదో అంటాడు. బయట తిరుగు బస్సు హారను మోగింది, ఎవరెవరో పరుగెత్తిన అడుగుల చప్పుడు, డ్రమ్ము తలుపు దబ్బుమన్న చప్పుడు, ఆ తర్వాత దూరమైపోతున్న దగ్గు. ఆమె లేవలేదు. కాళ్ళు చాపి, తల కుర్చీ వీపుకి ఆనించింది. కళ్ళముందు గుడ్డ మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది. పైన సుత్తిదెబ్బలు ఠంగుమని మొదలయ్యాయి. ఎవరో మెల్లగా కొట్టండ్రా అనడం వినపడింది. ఎవరికోసం అన్నారో అనుకునేలోపే ఆమె నిద్రపోయింది.